పికప్ పోయిన బోటు ఇంజిన్: లోపాన్ని వరుసగా పట్టుకోవడం ఎలా?

థ్రాటిల్ పూర్తిగా తోసినా బోటు మూతి పైకెత్తి, వెనక భాగం నీళ్లలో ఈడ్చుకుంటూ పోతుంది తప్ప నీటి మీదికి లేవదు. లేదా ఎప్పుడూ పోయే వేగంలో సగం దగ్గరే ఆగిపోతుంది. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో చక్కగా తిరుగుతుంది, లోడ్ పడితే మాత్రం లాగదు. ఇలాంటప్పుడు చాలామంది మొదట ప్లగ్గులు మారుస్తారు, తర్వాత కార్బొరేటర్ విప్పుతారు. డబ్బు, సమయం అయ్యాక కూడా బోటు అలాగే ఉంటే, లోపం ప్రొపెల్లర్‌లోనో, అడుగున పట్టిన నాచులోనో, ట్యాంకు గాలి రంధ్రంలోనో ఉందని అప్పుడు తెలుస్తుంది.

రెండు అంకెలు చేతిలో ఉంటే ఈ వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతోంది? అప్పుడు జీపీఎస్ చూపించే వేగం ఎంత? ఈ రెండూ రాసుకోకుండా ఒక్క నట్టు కూడా విప్పకండి. కింద చెప్పిన వరుస ప్రధానంగా పెట్రోల్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట తగిలించేవి), స్టెర్న్‌డ్రైవ్ (ఇంజిన్ బోటు లోపల, ప్రొపెల్లర్ ఉండే డ్రైవ్ లెగ్గు వెనక బయట) ఇంజిన్ల కోసం. డీజిల్ గురించి చివర్లో విడిగా ఉంది.

పని మొదలుపెట్టే ముందు

పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. అది కిందికి దిగి బోటు అడుగున, బిల్జ్‌లో (నేల కింది ఖాళీలో) పేరుకుంటుంది. ఇంజిన్ లోపల ఉండే బోట్లలో స్టార్ట్ చేసే ముందు ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయర్‌ని కనీసం 4 నిమిషాలు నడపాలి. తర్వాత మూత ఎత్తి మీ ముక్కుతోనే వాసన చూడండి. బ్లోయర్ నడిచింది కదా అని వాసన చూడటం మానేయొద్దు.

ప్రొపెల్లర్‌ను ముట్టుకునేటప్పుడు తాళం తీసేయాలి, ఇంజిన్‌ను వెంటనే ఆపే కిల్ స్విచ్ తాడు లాగేయాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ప్లగ్గు వైర్లు కూడా విప్పితే ఇంకా మంచిది. ఒడ్డున ఇంజిన్ నడపాలంటే నీళ్ల పైపు తగిలించే మఫ్స్ తప్పనిసరి. నీళ్లు లేకుండా కొద్దిసేపు తిప్పినా పంపులోని రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతుంది. మఫ్స్ మీద ఐడిల్‌లోనో, అంతకన్నా కాస్త ఎక్కువలోనో మాత్రమే నడపాలి. లోడ్ లేకుండా ఫుల్‌గా రేజ్ చేస్తే ఇంజిన్ అదుపు దాటుతుంది. మూసి ఉన్న షెడ్డులో మాత్రం అసలు నడపకండి. ఎగ్జాస్ట్‌లోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఇంకో మాట. ఇన్‌బోర్డ్, స్టెర్న్‌డ్రైవ్ బోట్లకు కారు స్టార్టర్, కారు ఆల్టర్నేటర్ బిగించి డబ్బు మిగుల్చుకుందామని కొందరు చూస్తారు. అవి బయటికి ఒకేలా కనిపిస్తాయి. బోటువాటిలో నిప్పురవ్వ బయటికి రాకుండా ఏర్పాటు ఉంటుంది, కారువాటిలో ఉండదు. పెట్రోల్ ఆవిరి చేరే చోట ఆ తేడా ప్రాణాల మీదికి తెస్తుంది.

మొదటి అడుగు: రెండు అంకెలు

అలలు పెద్దగా లేని, వేగంగా పోవడానికి అనుమతి ఉన్న విశాలమైన నీటిని ఎంచుకోండి. ఎప్పుడూ ఎక్కే మనుషులు, ఎప్పుడూ ఉండే సామాను, సగం ట్యాంకు ఇంధనం ఉంటే చాలు. మీరు నడుపుతుంటే అంకెలు చూసి రాయడానికి ఇంకొకరు ఉండాలి.

ఇంజిన్ బాగా వేడెక్కాక ట్రిమ్ (ప్రొపెల్లర్ భాగం బోటు వైపుకో, బయటికో వంగే కోణం) పూర్తిగా లోపలికి దించి, థ్రాటిల్ మొత్తం ఇవ్వండి. బోటు నీటి మీదికి లేచాక ట్రిమ్‌ని కొద్దికొద్దిగా బయటికి తెస్తూ, వేగం ఇక పెరగని చోట ఆపండి. అక్కడ ఆర్‌పీఎం, జీపీఎస్ వేగం రాసుకోండి. వెనక్కి తిరిగి అదే దారిలో ఎదురు దిశలో మళ్లీ చేసి, రెండిటి సగటు తీయండి. గాలి, ప్రవాహం వల్ల వచ్చే తేడా దాంతో పోతుంది.

ఇప్పుడు మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్‌కి ఇచ్చిన ఆర్‌పీఎం పరిధితో పోల్చండి. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌లలో ఇది ఎక్కువగా 5000 నుంచి 6000 మధ్య ఉంటుంది. పెట్రోల్ స్టెర్న్‌డ్రైవ్‌లలో 4400 నుంచి 5200 మధ్య ఎక్కడో ఉంటుంది. మీ మోడల్‌కి రాసిన అంకే ప్రమాణం. బోటు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఇదే పరీక్ష చేసి రాసి పెట్టుకుని ఉంటే, ఆ కాగితం మాన్యువల్ కన్నా విలువైనది.

ఫలితం సాధారణంగా ఈ నాలుగిట్లో ఒకటి అవుతుంది.

ఆర్‌పీఎం పరిధి కన్నా తక్కువలో ఆగిపోతే, ఇంజిన్ శక్తి తగ్గి ఉండాలి లేదా దాని మీద లోడ్ పెరిగి ఉండాలి. ఆర్‌పీఎం బాగానే ఉండి, లేదా మామూలు కన్నా ఎక్కువ ఉండి, వేగం మాత్రం లేకపోతే శక్తి నీటికి చేరడం లేదు. అలాంటప్పుడు ప్రొపెల్లర్ వైపు చూడండి, ఇంజిన్ జోలికి పోకండి. ఎంత తోసినా 2000, 3000 లాంటి ఒకే అంకె దగ్గర గోడకు తగిలినట్టు ఆగిపోతే, ఇంజిన్ కంప్యూటరే శక్తిని కట్టడి చేసింది. మొదట్లో పూర్తి వేగం అందుకుని, నిమిషం రెండు నిమిషాల తర్వాత నీరసపడితే ఇంధనం చాలడం లేదు లేదా ఏదో వేడెక్కుతోంది.

ఆర్‌పీఎం చూపించే టాకోమీటరే అబద్ధం చెబుతుండవచ్చు. పాత రకం మీటర్ల వెనక ఇంజిన్‌కి తగ్గట్టు తిప్పే చిన్న సెలెక్టర్ ఉంటుంది. అది తుప్పు పట్టినా, తప్పు చోట ఉన్నా అంకె తేడాగా వస్తుంది. అనుమానం ఉంటే చేతిలో పట్టుకునే డిజిటల్ టాకోమీటర్‌తో సరిచూడండి.

రెండో రకం ఫలితం వచ్చినవాళ్లు ఒక చిన్న లెక్క వేయాలి. ఆర్‌పీఎంని గేర్ రేషియోతో (ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ఇంజిన్ తిరిగే చుట్లు) భాగించి, ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టులో అది ముందుకు పోవాల్సిన దూరం) అంగుళాలతో, ఆపైన 0.001524తో గుణిస్తే, ప్రొపెల్లర్ ఏమాత్రం జారకుండా ఉంటే బోటు పోవాల్సిన వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. 5500 ఆర్‌పీఎం, 2:1 గేరు, 19 అంగుళాల పిచ్ అయితే సుమారు 80 కిలోమీటర్లు. జీపీఎస్ 68 చూపిస్తే జారుడు 15 శాతం. నీటి మీద తేలుతూ పోయే మామూలు బోటుకు 10 నుంచి 15 శాతం వరకు ఉండటం సహజం. జీపీఎస్ 50 చూపిస్తే మాత్రం జారుడు మూడో వంతు దాటింది, ప్రొపెల్లర్ నీళ్లను చిలుకుతోంది.

రెండో అడుగు: బరువు, అడుగుభాగం

ఖర్చు లేని పరీక్ష ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. నీళ్లలోనే కట్టేసి ఉంచే బోటు అడుగున వారాల్లోనే జిగురు పొర, నాచు పడతాయి. ఉప్పునీటిలో గట్టి గుల్లల్లాంటి బార్నకిల్స్ కూడా అంటుకుంటాయి. పలుచని జిగురు పొర కూడా వేగాన్ని తగ్గిస్తుంది, బార్నకిల్స్ పట్టిన బోటైతే నీటి మీదికే లేవకపోవచ్చు. బోటును పైకి తీసి అడుగంతా చేత్తో తడిమి చూడండి. డ్రైవ్ లెగ్గును, బోటు వెనక అంచున ఉండే ట్రిమ్ ట్యాబ్ పలకలను కూడా మరవొద్దు.

తర్వాత బిల్జ్. లీటరు నీరు కిలో బరువు కాబట్టి, నేల కింద కనిపించకుండా 100 లీటర్లు చేరితే ఒకటిన్నర మనిషి బరువు ఎక్కినట్టే. డ్రెయిన్ ప్లగ్ తీసి ఎన్ని నీళ్లు వస్తాయో చూడండి. పాత ఫైబర్ బోట్లలో ఇంకో దొంగ ఉంటాడు, నేల కింద నింపిన ఫోమ్. అది ఏళ్ల తరబడి నీరు పీల్చుకుంటే డ్రెయిన్ తీసినా ఆ నీరు బయటికి రాదు. అనుమానం ఉంటే ట్రెయిలర్‌తో సహా వే బ్రిడ్జ్ మీద తూయించి, కంపెనీ ఇచ్చిన బరువు, ట్రెయిలర్ బరువు, ఇంధనం బరువు తీసేసి చూడండి. పెట్రోల్ లీటరు సుమారు ముప్పావు కిలో ఉంటుంది. వందల కిలోల తేడా వస్తే ఇంజిన్‌ని తిట్టడం అన్యాయం.

బోటును ఎత్తైన ప్రాంతంలోని సరస్సుకు తీసుకెళ్లారా? టర్బో లేని ఇంజిన్ ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. 1500 మీటర్ల ఎత్తులో 15 శాతం దాకా పోతుంది. అది రిపేరుకు లొంగేది కాదు, తక్కువ పిచ్ ప్రొపెల్లర్ వేసుకోవాలి.

మూడో అడుగు: ప్రొపెల్లర్

రెక్కలు వంగాయా, అంచులు నలిగాయా చూడండి. కంటికి కనిపించని వంపును పట్టే ఉపాయం ఒకటి ఉంది. ఒక రెక్క అంచుకు దాదాపు తగిలేలా ఒక పుల్లను కదలకుండా నిలబెట్టి, ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. రెక్కలన్నీ పుల్లకు అంతే దూరంలో దాటిపోవాలి. ఒకటి తగిలినా, దూరంగా పోయినా అది వంగినట్టే.

ఆర్‌పీఎం ఎగసిపడుతూ వేగం రాని బోట్లలో అసలు నేరస్తుడు తరచుగా హబ్. ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు హబ్ ఉంటుంది. రాయికి తగిలినప్పుడు గేర్లు విరగకుండా అది జారిపోతుంది. ఒకసారి జారిందంటే పట్టు తగ్గుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు బాగానే ఉంటుంది. గట్టిగా తోస్తే ఇంజిన్ గోల పెడుతుంది, బోటు కదలదు. థ్రాటిల్ తగ్గిస్తే మళ్లీ పట్టుకుంటుంది. నిర్ధారించుకోవాలంటే లోపలి హబ్ మీదుగా బయటి గొట్టం దాకా పెయింట్‌తో ఒకే గీత గీసి, ఒక రౌండ్ వేసి రండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే హబ్ పోయినట్టే.

ప్రొపెల్లర్ దగ్గరికి గాలి చేరినా ఇవే లక్షణాలు ఉంటాయి. రెండిటినీ వేరు చేయడం తేలిక. ట్రిమ్ లోపలికి దించి, తిన్నగా పోతే గాలి సమస్య పోతుంది. హబ్ సమస్య ఎలా నడిపినా పోదు. మలుపుల్లో మాత్రమే జారుతుంటే ఇంజిన్ బిగించిన ఎత్తు చూడండి. ప్రొపెల్లర్ పైన ఉండే వెడల్పాటి ప్లేటు, మామూలు అమరికలో బోటు అడుగు గీతతో సమానంగానో, 25 మిల్లీమీటర్ల వరకు పైనో ఉంటుంది.

ప్రొపెల్లర్ విప్పడానికి రెక్కకూ ఆ ప్లేటుకూ మధ్య చెక్క దిమ్మ పెట్టి, పిన్ను తీసి, నట్టు తిప్పాలి. వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. షాఫ్టు మీద ప్రొపెల్లర్ వెనక చేపల గాలపు దారం చుట్టుకుందేమో తప్పకుండా చూడండి. అది సీల్‌ని కోసేస్తుంది, నీళ్లు గేర్ బాక్సులోకి పోతాయి. గేర్ ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే ఆ పని జరిగిపోయినట్టే. తిరిగి బిగించేటప్పుడు షాఫ్టు మీది గాడులకు మెరైన్ గ్రీజు పూసి, కొత్త పిన్ను వేయండి.

పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం దాదాపు 150 నుంచి 200 పెరుగుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లకు ఒక ఆశ పుడుతుంది: 400 తక్కువ వస్తోందా, రెండు అంగుళాల తక్కువ పిచ్ వేసేద్దాం అని. కొన్నప్పటి నుంచీ ఆర్‌పీఎం తక్కువే వస్తుంటే ఆ పని సరైనదే. నిన్నటిదాకా బాగుండి ఇవాళ తగ్గితే మాత్రం వద్దు. జబ్బుపడిన ఇంజిన్‌కి చిన్న ప్రొపెల్లర్ వేస్తే మీటర్ మీద అంకె బాగుపడుతుంది, జబ్బు లోపల పెరుగుతూ ఉంటుంది.

నాలుగో అడుగు: థ్రాటిల్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా?

ఐదు నిమిషాల పని. ఇంజిన్ ఆపి, కవర్ తీసి, ఒకరు లివర్‌ను చివరిదాకా తోస్తుంటే మరొకరు ఇంజిన్ దగ్గర థ్రాటిల్ చెయ్యి ఆఖరి స్టాపర్‌కు తగులుతోందో లేదో చూడాలి. కేబుల్ సాగినా, తుప్పు పట్టినా, దాని బ్రాకెట్ వదులైనా ముప్పావు దగ్గరే ఆగిపోతుంది. లివర్ తోసేటప్పుడు గేరు పడకపోతే, తాళం తీసి ఉంచి, ప్రొపెల్లర్‌ను చేత్తో కాస్త తిప్పితే పడుతుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న ఇంజిన్లలో ఈ కేబుల్ ఉండదు.

ఐదో అడుగు: ఇంధనం

ఐడిల్‌లో బాగుండి లోడ్‌లో ముక్కే ఇంజిన్లలో ఎక్కువ శాతం సమస్య ఇక్కడే ఉంటుందన్నది నా అభిప్రాయం. ఐడిల్‌కి కావాల్సిన ఇంధనం చాలా కొంచెం, దారి సగం మూసుకుపోయినా అది అందుతుంది. ఫుల్ థ్రాటిల్‌లోనే కొరత బయటపడుతుంది. కాబట్టి ఇక్కడ తొందర వద్దు.

మొదట పెట్రోల్‌నే చూడండి. నీటిని వేరుచేసే ఫిల్టర్ విప్పి, అందులో ఉన్నదంతా గాజు సీసాలో పోసి పావుగంట కదపకుండా ఉంచండి. నీరుంటే అడుగున విడి పొరగా దిగుతుంది. తుప్పు రజను, నల్లటి రబ్బరు తునకలు కనిపించినా అవి కూడా ఆధారాలే. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ తనలో దాదాపు అర శాతం నీటిని మాత్రమే కలుపుకోగలదు. అది దాటితే ఇథనాల్, నీరు రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి. పికప్ పైపు పీల్చేది ట్యాంకు అడుగు నుంచే కదా, ఇంజిన్‌కి మొదట అందేది ఆ మిశ్రమమే. ఒకసారి విడిపోయాక ఏ సీసా మందు పోసినా మళ్లీ కలవదు. ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. నెలల తరబడి నిల్వ ఉండి, వార్నిష్ వాసన వేస్తున్న పెట్రోల్‌దీ ఇదే దారి.

ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే ఇప్పుడే మార్చేయండి. 100 గంటలకు లేదా ఏడాదికి ఒకసారి మార్చడం చాలా ఇంజిన్లకు సరిపోయే లెక్క. బోట్లలో వాడేవి సాధారణంగా 10 మైక్రాన్లవి.

తర్వాత అసలైన పరీక్ష. చిన్న పోర్టబుల్ ట్యాంకులో తాజా పెట్రోల్ పోసి, దాని సొంత పైపు, సొంత ప్రైమర్ బల్బుతో (చేత్తో నొక్కి ఇంధనం ఎక్కించే రబ్బరు బుడ్డి) నేరుగా ఇంజిన్‌కి కలిపి, మొదటి అడుగులోని పరుగునే మళ్లీ చేయండి. అంకెలు మామూలుకు వచ్చేస్తే ఇంజిన్ నిర్దోషి. లోపం బోటు ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య ఉంది. అంకెలు మారకపోతే ఆ దారంతా వదిలేసి ఇంజిన్ వైపు వెళ్లొచ్చు. ఈ ఒక్క పరీక్ష కోసం ట్యాంకు అప్పు తెచ్చుకున్నా లాభమే.

పోర్టబుల్ ట్యాంకు దొరకకపోతే ప్రైమర్ బల్బే డాక్టర్. ఇంజిన్ నీరసపడుతున్న క్షణంలో పక్కనున్న మనిషి బల్బును పట్టుకుని చూడాలి. బల్బు నొక్కుకుపోయినట్టు లోపలికి పీల్చుకుపోయి ఉంటే ట్యాంకు వైపు దారి మూసుకుంది. చేత్తో పంపు కొడుతుంటే ఇంజిన్ మళ్లీ ఊపందుకుంటే, ఇంజిన్ మీది పంపు బలహీనపడింది లేదా పైపు ఎక్కడో గాలి పీలుస్తోంది. బల్బు గట్టిగా నిండి ఉన్నా ఇంజిన్ లాగకపోతే సమస్య బల్బు దాటాక ఉంది. బల్బు మీది బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉందో లేదో కూడా ఓసారి చూడండి. తిరగేసి బిగించినవి ఉంటాయి.

ట్యాంకు వైపు అనుమానం వచ్చాక చూడాల్సిన చోట్లు నాలుగు. గాలి రంధ్రం మొదటిది. పురుగులు అందులో మట్టి గూళ్లు కడతాయి. ఇంజిన్ నీరసపడగానే ఆపేసి పెట్రోల్ మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే రంధ్రం మూసుకుపోయినట్టే. రెండోది ట్యాంకు లోపలి పికప్ పైపు జల్లెడ. మూడోది ట్యాంకు దగ్గర పైపు తగిలే చోట ఉండే యాంటీ సైఫన్ వాల్వ్. దానిలోని చిన్న గోలీ, స్ప్రింగు జిగురు పట్టి ఇరుక్కుంటాయి. దాన్ని శుభ్రం చేయండి, లేదా కొత్తది వేయండి. పూర్తిగా తీసి పారేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. పైపు తెగినప్పుడు ట్యాంకు మొత్తం బిల్జ్‌లోకి కారిపోకుండా ఆపేది అదే. నాలుగోది పైపు. పాత పైపుల లోపలి పొర ఊడి, పీల్పు ఎక్కువైనప్పుడు వాల్వులా దారి మూసేస్తుంది. బయటి నుంచి చూస్తే కొత్తదానిలా ఉంటుంది. పదేళ్లు దాటిన పైపును పరీక్షించడం కన్నా మార్చడమే చవక.

ఇంజిన్ వైపు లోపమైతే, కార్బొరేటర్ ఉన్నవాటిలో లక్షణమే దారి చూపిస్తుంది. ఐడిల్ బాగుండి పైవేగంలో ముక్కితే మెయిన్ జెట్. కదిలేటప్పుడు తడబడి, ఆపైన బాగుంటే ఐడిల్ జెట్, దాని దారులు. జెట్ రంధ్రంలోకి తీగ గుచ్చకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్, గాలి చాలు. ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇంధనంలోని ఆవిరిని వేరుచేసే చిన్న గిన్నె ఉంటుంది. దాని లోపలి ఫిల్టర్ మూసుకుపోవడం మామూలే. అయితే ఆపైన ఇంధనం ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది. గేజి, అనుభవం లేకుండా ఆ పైపులు విప్పవద్దు.

ఆరో అడుగు: స్పార్క్

ప్లగ్గులన్నీ విప్పి, సిలిండర్ల నంబర్లు రాసిన కాగితం మీద వరుసగా పెట్టండి. లేత గోధుమ రంగు ఆరోగ్యం. నల్లటి పొడి మసి అంటే ఇంధనం ఎక్కువ లేదా స్పార్క్ బలహీనం. తెల్లగా పొక్కులు వస్తే ఇంధనం తక్కువై వేడెక్కుతోంది. ఒక్కటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తళతళలాడుతుంటే ఆ సిలిండర్‌లోకి నీరు పోతోంది. రంగు కన్నా ముఖ్యమైనది, మిగతావాటికి భిన్నంగా ఏది ఉందన్నది. అన్నీ ఒకేలా నల్లగా ఉంటే ఉమ్మడి కారణం వెతకాలి. ఒక్కటే తేడాగా ఉంటే ఆ సిలిండర్ కథ వేరు.

నాలుగు సిలిండర్లలో ఒకటి మిస్సింగ్ కొట్టినా ఐడిల్‌లో తెలియకపోవచ్చు. బోటు మాత్రం లేవదు. ఒక్కో సిలిండర్‌కి స్పార్క్ టెస్టర్ పెట్టి చూడండి. నడుస్తున్న ఇంజిన్ నుంచి వైరు లాగే పాత అలవాటు ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌ను కాల్చేయవచ్చు. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక చచ్చుబడుతుంది, అందుకే ఇబ్బంది కనిపిస్తున్న సమయంలోనే పరీక్షించాలి.

ఏడో అడుగు: కంప్రెషన్

ఇంతవరకూ ఏమీ దొరకకపోతే ఇది. నిజానికి పాత ఇంజిన్ కొనేముందు ఇదే మొదటి పరీక్ష కావాలి. ఇంజిన్ వేడి చేసి, ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్‌ను పనిచేయకుండా చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిండుగా చార్జ్ ఉన్న బ్యాటరీతో ఒక్కో సిలిండర్‌కి సమానంగా తిప్పండి. గేజి అంకెల మధ్య తేడా 10 నుంచి 15 శాతం దాటకూడదు. అంకె ఎంత ఉండాలన్నది మాన్యువల్‌లో చూడండి, తేడా ఎంతన్నది అంతకన్నా ముఖ్యం. ఫోర్ స్ట్రోక్‌లో తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తక్కువ వస్తే హెడ్ గాస్కెట్ మీద అనుమానపడాలి.

కంప్యూటర్ కట్టడి చేసినప్పుడు

ఒకే ఆర్‌పీఎం దగ్గర ఆగిపోయి, అలారం మోగుతుంటే మొదట ఒడ్డుకు చేరండి. ఇంజిన్ తనను తాను కాపాడుకుంటోంది. వేడి, ఆయిల్ ఒత్తిడి, బ్యాటరీ వోల్టేజీ, సెన్సర్ లోపం, ఇంధనంలో నీరు, వీటిలో ఏదైనా కావచ్చు. కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్ చదివితే నేరుగా తెలుస్తుంది, ఊహలు అక్కర్లేదు.

మీరే చూసుకోగలిగినవి రెండు. అవుట్‌బోర్డ్ పక్క నుంచి వచ్చే సన్నటి నీటి ధార బలంగా ఉందా? లేకపోతే ముందు ఆ రంధ్రంలో సన్నని నైలాన్ దారం పెట్టి కదపండి. చాలాసార్లు ఇసుకో పురుగు గూడో ఉంటుంది. అయినా రాకపోతే ఇంపెల్లర్ మార్చాలి. దాన్ని రెండు మూడేళ్లకోసారి ఎలాగూ మార్చాలి. రెక్కలు విరిగి ఉంటే ఆ ముక్కలన్నీ వెతికి తీయండి, లేకపోతే అవే పైన ఎక్కడో దారి మూస్తాయి. రెండోది వోల్టేజీ. నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.5 ఉండాలి. చేత్తో బిగించే రెక్కల నట్లు అలల కుదుపులకు వదులైపోతాయి. వాటి స్థానంలో పానాతో బిగించే నట్లు వేయండి.

స్టెర్న్‌డ్రైవ్ ఒకసారి బాగా వేడెక్కిన తర్వాత నుంచి లాగకపోతే ఎగ్జాస్ట్ పైపులోని రబ్బరు ఫ్లాపర్లను (మూతల్లాంటి రెక్కలను) గుర్తుపెట్టుకోండి. అవి కాలి ఊడిపడి పొగ దారికి అడ్డుపడతాయి.

డీజిల్ అయితే

ఇక్కడ పొగే సాక్షి. నల్లటి పొగ అంటే గాలి చాలడం లేదు లేదా లోడ్ ఎక్కువైంది. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాలు, ప్రొపెల్లర్, అడుగుభాగం చూడండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కాలని డీజిల్ లేదా నీరు. పొగేమీ లేకుండా శక్తి మాత్రం తగ్గితే ఇంధనం అందడం లేదు. డీజిల్, నీరు కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి, నల్లటి జిగురు ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఫిల్టర్ మార్చిన కొన్ని గంటల్లోనే మళ్లీ మూసుకుపోతే ట్యాంకును శుభ్రం చేయించాలి.

తెరచాప బోట్లలోని చిన్న డీజిల్ ఇంజిన్లకు ఒక ప్రత్యేక జబ్బు ఉంది. బ్యాటరీ చార్జింగ్ కోసం గంటల తరబడి తక్కువ లోడ్‌లో నడపడంతో, ఎగ్జాస్ట్‌లోకి నీళ్లు కలిసే వంపు గొట్టంలో కార్బన్ పేరుకుంటుంది. లోపల వేలు పట్టనంత సన్నబడిన గొట్టంతో కూడా ఇంజిన్ ఐడిల్‌లో హాయిగా తిరుగుతుంది, లోడ్‌లో ఊపిరాడదు. ఇంజెక్టర్లు విప్పే ముందు ఆ గొట్టం విప్పి చూడండి.

మెకానిక్‌కి అప్పజెప్పేటప్పుడు

కంప్రెషన్ పోవడం, సిలిండర్‌లోకి నీరు రావడం, గేర్ ఆయిల్ తెల్లబడటం, ఎక్కువ ఒత్తిడి ఇంధన పైపులు, ఇవి వర్క్‌షాప్ పనులు. "లాగట్లేదు" అని మాత్రమే చెప్పి బోటు వదిలిపెడితే, మీరు చేసిన పరీక్షలన్నీ మళ్లీ మీ ఖర్చుతోనే జరుగుతాయి. ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం, జీపీఎస్ వేగం, ప్రొపెల్లర్ మీద చెక్కిన సైజు, వేరే ట్యాంకు పెట్టినప్పుడు వచ్చిన ఫలితం, ప్లగ్గుల ఫోటో, సిలిండర్లవారీగా కంప్రెషన్ అంకెలు ఒక కాగితం మీద రాసివ్వండి. రిపేరయ్యాక అదే చోట, అంతే బరువుతో, రెండు దిశల్లోనూ పరుగు తీసి ఆ కాగితం మీదే కొత్త అంకెలు రాయించుకుని, ఆ తర్వాతే బిల్లు కట్టండి.